ఆస్పత్రికి రాని చావులు ఏ లెక్కలోకి వస్తాయి?

సంపాదకులకు నమస్కారం.

దివిసీమలో పాముకాట్లు పెరిగిపోతున్నాయంటూ ఈ నాట్ల రోజుల్లో మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. అందులోని అంకెలన్నీ ఒక్క అవనిగడ్డ ఆస్పత్రివే. వాటిని నిరుటి అంకెలతో పోల్చి, పాములు విజృంభించాయని తేల్చేశారు. నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో చాలాకాలం ఈ సీమ ఊళ్లలోనే జనన మరణాల రిజిస్టరు రాశాను కాబట్టి చెప్పాల్సింది కొంత ఉంది.

ఆస్పత్రిలో కేసులు పెరిగాయంటే పాములు పెరిగాయనే కాదు. పల్లె పీహెచ్‌సీలో విషం విరుగుడు ఇంజెక్షన్లు అయిపోతే అక్కడి జనమంతా అవనిగడ్డకే పరుగెడతారు. మంత్రం వేయించుకోవడం మానేసి నేరుగా ఆస్పత్రికి వచ్చినా కేసులు పెరుగుతాయి, అది సంతోషించాల్సిన విషయం. విషం లేని నీరుకట్టె కరిచినా కేసే, ఏం కరిచిందో తెలియక భయంతో వచ్చినా కేసే. రక్తపింజర అని అనుమానం వస్తే డాక్టర్లు కాస్త నెత్తురు తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. అలా తేలినవి ఎన్ని, అనుమానం మీద చేర్చుకున్నవి ఎన్ని? మీ కథనంలో ఆ విడమరపు లేదు. 2018 ఆగస్టులో కూడా ఇక్కడ ఇలాగే గగ్గోలు పుట్టి, మోపిదేవిలో దేవాదాయ శాఖ సర్పశాంతి యాగం జరిపించింది. యాగంతో నాకు పేచీ లేదు. ఆ ఏడాది ఏ మండలంలో లక్ష మందికి ఎందరు పోయారన్న లెక్క మాత్రం నా కంటపడలేదు.

అసలు చిక్కు చావుల దగ్గర ఉంది. నేను పనిచేసిన రోజుల్లో మరణ నివేదిక ఫారం రెండు భాగాలుగా ఉండేది. ఒకవైపు పేరు, తేదీ, చనిపోయిన చోటు. అది మా దగ్గర ఉండేది, సర్టిఫికెట్ ఇచ్చేది దాన్నిబట్టే. రెండోవైపు గణాంకాల భాగం. జబ్బు పేరేమిటి, డాక్టరు ధ్రువీకరించాడా, ఎన్నేళ్లుగా పొగ తాగేవాడు, పొగాకు నమిలేవాడా, మందు అలవాటుందా, ఆడమనిషైతే గర్భంతో ఉండగా గానీ కాన్పయిన 6 వారాల్లోపు గానీ పోయిందా, ఇవన్నీ అందులో ఉండేవి. ఆ ముక్క చింపి పైకి పంపేవాళ్లం. సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లకు దానితో పనిలేదు. చట్టం ప్రకారం సర్టిఫికెట్‌లో చావుకు కారణం వేయకూడదు కూడా. బ్యాంకు పని, భూమి మ్యుటేషన్ అయిపోతే చాలు. అందుకే కారణం రాసే గడిలో 'వృద్ధాప్యం', 'అనారోగ్యం', 'గుండెపోటు' అనే మూడు మాటలే తిరుగుతూ ఉండేవి.

ఒక వానాకాలం, ముప్పై ఏళ్లు కూడా నిండని కౌలు రైతు చావు నమోదుకు వచ్చింది. "గుండె ఆగిపోయిందండీ సెక్రటరీ గారూ, అదే రాసేయండి" అన్నాడు తమ్ముడు. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. రాత్రి చాప మీద పడుకున్నాడట. తెల్లవారుజామున కడుపునొప్పని లేచాడు. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. ఆటో మాట్లాడేలోపే ప్రాణం పోయింది. ఒంటిమీద గాటు మాత్రం కనబడలేదు. కట్లపాము కాటు తీరే అది. నేలమీద నిద్రపోతున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, పెద్దగా నొప్పి ఉండదు, గుర్తూ సరిగా పడదు. కానీ కబురు తెచ్చినవాళ్లు చెప్పిందే మేం రాయాలి, జబ్బు తేల్చే అధికారం మాకు లేదు. పైకి 'గుండెపోటు' అనే వెళ్లింది. తెలిసి దాచేవాళ్లూ ఉన్నారు. పాము అంటే పోలీసులు, పంచనామా, పోస్ట్‌మార్టం, శవం కోసం పడిగాపులు అని వాళ్ల టెన్షన్. ప్రమాద బీమా ఉన్న ఇంట్లో ఇందుకు విరుద్ధంగా, పామేనని రాయించమని పట్టుబట్టేవాళ్లనూ చూశాను.

ఈ లోటు ఎంతుందో ఒకసారి దేశమంతటా కొలిచారు. దేశం మొత్తం జనన మరణాల లెక్క చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం శాంపిల్‌గా ఎంచుకున్న 6,671 చోట్ల 2001-03 మధ్య జరిగిన దాదాపు 1 లక్షా 23 వేల మరణాలపై సర్వే సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, నేను ఆ తమ్ముణ్ని అడిగినట్టే అడిగి రాసుకున్నారు. ఆ రాతలను ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేల్చారు. ఇద్దరికీ కుదరకపోతే ఇంకో పెద్ద డాక్టరు తీర్పు చెప్పేవాడు. వెర్బల్ అటాప్సీ అంటారు దీన్ని. అలా 562 చావులు పాముకాటువని తేలాయి. వందకు అర కూడా లేదు. కానీ దేశంలో ఏటా పోయేవాళ్లు కోటికి దగ్గరగా ఉన్నప్పుడు, ఆ అరే ఏడాదికి దాదాపు 46 వేల ప్రాణాలైంది. ఆస్పత్రుల లెక్కకు ఇది 30 రెట్లకు పైమాటే! ఎందుకంటే అందులో ముప్పావు వంతు మంది ఏ ఆస్పత్రిలోనూ పోలేదు.

ఆ లెక్కలో మనవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఎక్కువ మంది పోయింది ఉత్తరప్రదేశ్‌లో, ఏటా 8,700. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 6,200. కానీ వయసుల తేడాలు సరిచేసి లక్ష జనాభాకు చూస్తే దేశంలో మొదటి స్థానం మనదే, 6.2. దేశం మొత్తానికి 4.1. మీ కథనంలో లాగా ఉత్త సంఖ్యలే వేసి ఉంటే మనం రెండో స్థానమని సర్దుకునేవాళ్లం.

ఇది ఒక్క పాముల గొడవ కాదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. ధ్రువీకరించిన కాగితాల మీద కూడా 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని ఒక్క ముక్క రాసి వదిలేసినవి నేను చూశాను. గుండె, ఊపిరి ఆగకుండా పోయినవాళ్లెవరండీ? వాటిని ఆపిందేమిటో రాయమనే కదా ఆ ఫారంలో కింద వరుసలు పెట్టింది.

పాముకాటు కేసులు, మరణాలను ఆస్పత్రులు ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వాటి జాబితాలో చేర్చమని 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. అది గట్టిగా అమలైతే ప్రైవేటు ఆస్పత్రుల కేసులూ లెక్కలోకి వస్తాయి, అంకెలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. అప్పుడు మళ్లీ 'విజృంభణ' అని శీర్షిక పెట్టకండి. పట్టిక వేసేటప్పుడు కాటుకు గురైనవాళ్లది ఏ మండలమో, ఆ మండలం జనాభా ఎంతో, కాటు పడ్డ ఎన్ని గంటలకు ఆస్పత్రి చేరారో, ఎందరు పోయారో అడిగి వేయండి. మీ విలేకరికి కష్టమైన పనేమీ కాదు, కేస్ షీటులో చాలామటుకు ఉంటాయి.

జిల్లా వైద్యారోగ్య శాఖ వారికి కూడా ఒక మనవి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇళ్లలో పోయిన 60 ఏళ్లలోపు వాళ్ల పేర్లు ప్రతి పంచాయతీలోనూ ఉంటాయి. ఊరికి పదుల్లో ఉండవు, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ముందు నాగాయలంక, కోడూరు మండలాల జాబితాలు తెప్పించి ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఇచ్చి, ఆ ఇళ్లకు పంపండి. ఎక్కడ పడుకున్నాడు, మొదట ఏమన్నాడు, రెప్పలు వాలాయా, వాచిందా, మూత్రంలో నెత్తురు పడిందా అని అడిగించి, ఆ కాగితాలు ఇద్దరు డాక్టర్ల చేత చదివించండి. ఖరీఫ్ కోతలయ్యేలోపు అయిపోయే పని.

- ఒక విశ్రాంత పంచాయతీ కార్యదర్శి,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా