బెయిలు నోటీసు తెలుగులో అందాలి

సంపాదకులకు,

అత్యాచారం కేసులో నిందితుడికి బెయిలు వచ్చిందన్న వార్త పడిన ప్రతిసారీ ఈ శీర్షికలో రెండు రకాల లేఖలు చూస్తుంటాను. ఇలాంటి కేసుల్లో అసలు బెయిలే ఉండరాదని కొందరు, నేరం రుజువు కాకముందే ఏళ్ల తరబడి జైల్లో ఉంచడం రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమని కొందరు రాస్తారు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఒడియా కాగితాలు చదివి తెలుగులో చెప్పడం, అర్జీలు రాసిపెట్టడం నా జీవనాధారం. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించేది వేరే సంగతి. బెయిలు ఎందుకు ఇచ్చారన్నది అటుంచి, ఎప్పుడు విచారించారన్నది కూడా ఈ సరిహద్దు తెలుగువాళ్లకు తెలియడం లేదు.

ఆ మధ్య ఒక తల్లి వచ్చింది. మైనరు కూతురి కేసులో ఫిర్యాదు ఆమెదే. నిందితుడు సంతలో ఉల్లిపాయలు బేరమాడుతుంటే చూసి, అతను బయటికి వచ్చాడని తెలుసుకుంది. ఇంట్లోని కాగితాలన్నీ మూటగట్టుకుని మొదట జిరాక్సు దుకాణానికి వెళ్తే, అక్కడి కుర్రాడు పైకి చదవడం మొదలుపెట్టి, రెండో పంక్తికే గొంతు తగ్గించి, చుట్టూ ఉన్నవాళ్లను ఒకసారి చూసి నా బల్ల చూపించాడట. ఆ మూటలో బెయిలు విచారణకు రమ్మన్న ఒడియా నోటీసు ఉంది. దాని అడుగున గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఆమె సంతకం. విచారణ తేదీ దాటి అప్పటికే మూడు వారాలు.

పదహారేళ్లలోపు బాలికపై అత్యాచారం కేసులో బెయిలు దరఖాస్తు విచారించేటప్పుడు ఫిర్యాదుదారు గానీ, వారు అధికారమిచ్చినవారు గానీ హాజరై తీరాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 483వ సెక్షన్ చెబుతోంది. పాత కోడ్‌లోనే 2018 సవరణతో వచ్చిన ఈ రక్షణ నేను చూసినంతలో నోటీసు మీద సంతకంతోనే ముగిసిపోతోంది. 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు, బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలన్న మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిలు షరతును కొట్టివేసింది. రాఖీ సంగతి అందరికీ గుర్తుంది. బెయిలు ఇస్తే ఫిర్యాదుదారుకు వెంటనే తెలపాలని, ఉత్తర్వు ప్రతిని రెండు రోజుల్లో అందించాలని అదే తీర్పులో ఉన్నది మాత్రం మరుగున పడింది. అందించినా ఏ భాషలో? బాధితురాలి పేరు ప్రచురించినవారికి రెండేళ్ల దాకా జైలు అన్న దేశంలో, ఆ పిల్ల తల్లి తన కాగితాన్ని నడిబజారులో ముక్కూమొహం తెలియనివాడి చేత చదివించుకోవలసి వచ్చింది.

నిందితుల పక్షం వాళ్లూ నా దగ్గరికే వస్తారు. లైంగిక నేరం కేసులో బెయిలు మంజూరైన ఒక కూలీ కుర్రాడు ఆ తర్వాత ఇరవై రోజులు జైల్లోనే ఉన్నాడు. మేనమామ జామీను ఉంటానని పాసుపుస్తకం తెస్తే, పొలం పాతపట్నంలో, అంటే ఆంధ్రలో ఉందని ఒక కోర్టులో ఒప్పుకోలేదు. పాతపట్నం మాకు ఆటోలో పోయేంత దూరం. వేరే జిల్లా జామీను అని తిప్పికొట్టడం తప్పని మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే చెప్పారు. ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చన్న 350వ అధికరణనూ అక్కడే గుర్తుచేశారు. స్థానిక జామీను కోసం పట్టుబట్టవద్దని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ సూచించింది. నేరం సంగతి విచారణలో తేలుతుంది. విడుదల చేయవచ్చని కోర్టే అన్నాక ఇరవై రోజులు లోపల ఉంచినందువల్ల ఏ ఆడపిల్లకూ రక్షణ పెరగలేదు.

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల న్యాయ సేవాధికార సంస్థలకు నాదొక విన్నపం. ఫిర్యాదుదారు తెలుగువారైతే, విచారణ తేదీ, అక్కడ ఆమె తన మాట చెప్పుకోవచ్చన్న సంగతి, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు, పిల్లలకు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద న్యాయవాదిని ఉచితంగా ఇస్తారన్న సంగతి ఒక్క పేజీలో తెలుగులో రాయించి నోటీసుకు జతచేయించండి. ఉత్తర్వు వచ్చాక అందులోని షరతులను, తెలుగు తెలిసిన పారాలీగల్ వాలంటీరును, అంటే మీ తరఫున న్యాయ సాయం చేసే కార్యకర్తను ఇంటికి పంపి చెప్పించండి. ఆ తల్లికి తర్వాత నకలు తీయించి చదివితే, నిందితుడు వాళ్లుండే బ్లాకులో (మన మండలం లాంటిది) అడుగుపెట్టకూడదన్న షరతు అందులో ఉంది. అతణ్ని సంతలో చూసిన రోజే ఆమె పోలీసులకు చెప్పి ఉండవచ్చు. ఈ ఏర్పాటు జరిగితే నా రాబడి కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఒక అర్జీ లేఖరి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా