దుర్గాబాయికి దండలు సరే, హాస్టలు మాటేమిటి?

సంపాదకులకు,

జూలై 15న మన విశాఖపట్నంలో జరిగిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జయంతి సభ గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి, పోనీలే అనుకుంటూ ఇన్ని రోజులు నెట్టుకొచ్చాను. ఇక నావల్ల కాలేదు. ఆ సభకు నేనూ వెళ్లాను కాబట్టి వార్తలో రానివి కూడా తెలుసు. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్నది సరోజినీ నాయుడి బొమ్మ. కింద మాత్రం బారెడు అక్షరాలతో దుర్గాబాయి పేరు. చుట్టూ స్థానిక నాయకుల ఫొటోలు, అవి అసలు బొమ్మకంటే పెద్దవి. దాని ముందే కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, వరసగా నిలబడి ఫొటోలు దిగారు. నిర్వాహకుల్లో ఒకాయనను పక్కకు పిలిచి చెబితే, "ఇప్పుడేం మార్చగలమమ్మా, అయినా ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. ఎవరూ చూడలేదు. మీ విలేకరితో సహా.

ఆ వార్తలో ఆమెను "దేశ తొలి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ సతీమణి"గా పరిచయం చేశారు. తొలి ఆర్థిక మంత్రి షణ్ముఖం చెట్టి. దేశ్‌ముఖ్ రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, ఆ తర్వాతే ఆర్థిక మంత్రి. ఇది ఏ పోటీ పరీక్ష పుస్తకంలోనైనా దొరుకుతుంది. సరే, అది అలా ఉంచండి. వారి పెళ్లి జరిగింది 1953 జనవరిలో. అప్పటికే ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టారు, లాయరుగా పేరు తెచ్చుకున్నారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. రాజ్యసభకు పోటీ చేసే వయసు 35 కాదు, 30 చాలని రాజ్యాంగ సభలో వాదించింది ఆమే. ఇంత చేసిన మనిషిని ఫలానా వారి భార్య అని చెబితే తప్ప పాఠకులకు అర్థం కాదనుకున్నారా?

ఇక ఉపన్యాసాలు. మైకు అందుకున్న వారల్లా 1923 కాకినాడ కాంగ్రెసు కథే చెప్పారు. టిక్కెట్టు లేదని నెహ్రూనే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన పద్నాలుగేళ్ల పిల్ల! మంచి కథే, కాదనను. కానీ ఒకరి తర్వాత ఒకరు అదే చెబుతుంటే, ముందు వరసలో కూర్చోబెట్టిన స్కూలు పిల్లలు ఆవలింతలు ఆపుకోలేకపోయారు. సభ జరుగుతున్నది విశాఖపట్నంలో. ఈ ఊరికీ ఆమెకూ ఉన్న సంబంధమేమిటో మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

ఆమె మన వాల్తేరులో చదువుకున్నారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకుని బయటికొచ్చి, బనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను ప్రైవేటుగా కట్టి గట్టెక్కిన మనిషి. బి.ఏ.లో రాజనీతి శాస్త్రం చదవాలనుకుంటే, అది ఆడవాళ్లు చదివేది కాదని ఆ బనారసు విశ్వవిద్యాలయం స్థాపకులు మదనమోహన మాలవ్యా గారు అన్నారట. దాంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం తలుపు తట్టారు. ఇక్కడ వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు సీటుకు అడ్డు చెప్పలేదు గానీ, ఆడపిల్లలకు హాస్టలు లేదు, ఎక్కడుంటావన్నారు. ఆమె చేసిన పని చూడండి. హాస్టలు లేక చదువు మానుకున్న అమ్మాయిలెవరైనా ఉంటే తనకు రాయమని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. అలా రాసినవాళ్లను పోగుచేసి, తామే బస చూసుకుని హాస్టలు పెట్టుకున్నారు. ఆ తర్వాత చదివి ఆనర్సు పట్టా పుచ్చుకున్నారు. 1958లో కేంద్రం స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఈమెనే అధ్యక్షురాలిని చేసిందంటే ఊరికే చేయలేదు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ గట్టెక్కడానికి ఆమె నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి కోర్సులు పెట్టిందంటే, ఆ ఇబ్బంది ఏమిటో ఆమెకు అనుభవమే.

మరి ఇప్పుడు? మా చెల్లెలి మనవరాలు మాడుగుల నుంచి బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చింది. ద్వారకానగర్ చుట్టుపక్కల హాస్టళ్లకు దానితో పాటు నేనూ తిరిగాను. ఒకచోట ఇనుప మంచాలు కిటికీకి అడ్డంగా వేశారు, రెక్క తెరుచుకోదు. గది మొత్తానికి ఒక్కటే ప్లగ్గు, దానికి వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు నల్లగా మాడి ఉంది. అడ్వాన్సు తిరిగివ్వరు, రసీదు అడిగితే చిరాకు. లైసెన్సు ఉందా అంటే వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించిన జీఎస్టీ కాగితం చూపించాడు. సర్కారు వారి హాస్టలు సంగతి కనుక్కుందామని ఒక కార్యాలయానికి వెళితే, ఆ సెక్షను మేడమీద అన్నారు. మేడమీద వాళ్లు కింద అన్నారు. మధ్యలో మెట్ల మీద కూర్చుని కాసేపు మోకాళ్లు నొక్కుకున్నాను.

ఢిల్లీ మెట్రోలో ఆమె పేరుతో ఒక స్టేషనుంది. మన మెట్రో ఏళ్ల తరబడి నివేదికల మీదే నడుస్తోంది గనుక ఆ ముచ్చట మనకిప్పట్లో లేదు. పోనీ బీచ్ రోడ్డు మీద సెల్ఫీ దిగే అక్షరాలకూ, రంగురంగుల దీపాలకూ దొరికే సొమ్ము ఆడపిల్లల వసతికి ఎందుకు దొరకదు? పాడేరు, అరకు, నర్సీపట్నం వైపు నుంచి వచ్చే పిల్లలు ఈ ఊళ్లో ఎక్కడ తలదాచుకుంటున్నారో ఏ అధికారి దగ్గరైనా ఒక జాబితా ఉందా? ఉంటే బయటపెట్టండి. ప్రైవేటు హాస్టళ్లన్నిటినీ తనిఖీ చేసి, అనుమతి ఉన్నవేవో, ఒక్కో గదిలో ఎంతమందిని ఉంచవచ్చో గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించాలి. అడ్వాన్సుకు రసీదు తప్పనిసరి చేయాలి. ఫిర్యాదు చేస్తే ఫోనెత్తే మనిషి ఒకరుండాలి. వీటికి కోట్లేమీ అక్కర్లేదు. మీ పత్రిక కూడా ఆ జాబితా అధికారుల నుంచి రాబట్టి, కళాశాలల్లో చేరికలు ముగిసేలోగా అచ్చువేస్తే మేలు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం