ఫ్లోరిడాలో లెక్కకు రాని ఓట్లు

రమణా,

నీ ఉత్తరం అందింది. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఓడిపోవడమేమిటి, 537 ఓట్లు ఒక దేశాధ్యక్షుణ్ణి తేల్చడమేమిటి అని కోపంగా అడిగావు. 2000 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రంలో బుష్‌కు దక్కిన ఆ 537 ఓట్ల ఆధిక్యం గురించి చదివినప్పుడల్లా నాకూ మనసు కలుక్కుమంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

దేశం మొత్తం మీద రిపబ్లికన్ అభ్యర్థి జార్జి బుష్ కంటే డెమొక్రాట్ అభ్యర్థి అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చిన మాట నిజమే. అయితే అక్కడ గెలుపును తేల్చేవి జనం ఓట్ల మొత్తం కాదు, ఒక్కో రాష్ట్రానికి ఇన్నేసి అని కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు. ఫ్లోరిడాకు అప్పుడు 25 ఉండేవి. రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ పాతికా ఒకరికే. ఆ పాతిక ఎవరివైతే అధ్యక్ష పదవి వారిదే. నవంబర్ 7 రాత్రి టీవీలు ముందు గోర్ అన్నాయి, తర్వాత బుష్ అన్నాయి, చివరికి రెండూ వెనక్కి తీసుకున్నాయి. గోర్ బుష్‌కు ఫోను చేసి ఓటమి ఒప్పుకుని, కాసేపటికే మళ్ళీ చేసి ఆ మాట ఉపసంహరించుకున్నాడు పాపం!

ఓట్లను తిరిగి లెక్కిస్తూ అధికారులు పంచ్ కార్డులను (అభ్యర్థి పేరుకు ఎదురుగా రంధ్రం పొడిచే బ్యాలెట్లను) వెలుతురుకు ఎత్తి, కళ్ళు చికిలించి చూస్తున్న ఫోటోలు నీకు గుర్తుండే ఉంటాయి. ఓటరు పుల్లతో పొడిచినా కాగితపు ముక్క పూర్తిగా ఊడకపోతే యంత్రానికి ఆ ఓటు కనిపించదు. గొడవంతా వాటి చుట్టూనే తిరిగింది. అసలు దారుణం రెండు చోట్ల పొడిచిన కార్డుల్లో జరిగిందని నా నమ్మకం. పామ్ బీచ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) బ్యాలెట్‌లో పేర్లు రెండు పేజీల్లో, రంధ్రాలు మధ్యలో ఉండేవి. ఎడమవైపు రెండో పేరు గోర్‌ది, కానీ రెండో రంధ్రం కుడివైపున్న మరో అభ్యర్థి బుకానన్‌ది! ఆ ఒక్క కౌంటీలో ఆయనకు 3,407 ఓట్లు పడ్డాయి. వాటిలో చాలావరకు గోర్‌వేనని ఆయనే అన్నాడు. పొరపాటు గ్రహించి మరో రంధ్రం కూడా పొడిచినవాళ్ళవి, ఇతరత్రా రెండు చోట్ల పొడిచినవీ కలిపి దాదాపు 19 వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. డ్యూవల్ కౌంటీలోనైతే అధ్యక్ష అభ్యర్థుల పేర్లే రెండు పేజీలకు పాకాయి. ప్రతి పేజీలోనూ ఓటు వేయమన్న సూచన నమ్మినవాళ్ళ ఓటు మురిగిపోయింది. అలా నష్టపోయినవాళ్ళలో నల్లజాతివారు ఎక్కువ. ఓటు వేసి ఇంటికెళ్ళిన ఆ మనుషులకు తమ ఓటు లేదని కూడా తెలియదు!

మన దగ్గర 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతోనే గెలిచాడు. కానీ మనకు దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం, ఒకే పద్ధతి. అక్కడ 67 కౌంటీలు, ఎవరి బ్యాలెట్ వారిది.

యంత్రం చదవలేకపోయిన ఓట్లను రాష్ట్రమంతటా చేత్తో లెక్కించమని డిసెంబర్ 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు 4-3తో ఆదేశించింది. మర్నాడే అమెరికా సుప్రీంకోర్టు ఆపింది. 12న 5-4తో ఆ కథ ముగించింది. ఒక్కో కౌంటీ ఒక్కో కొలతతో లెక్కిస్తే ఓటర్ల మధ్య సమానత్వం దెబ్బతింటుందట. మరి ఒక్కో కౌంటీ ఒక్కో రకం బ్యాలెట్ ఇచ్చినప్పుడు ఆ సమానత్వం ఎక్కడికి పోయింది?

2001లో పత్రికలు కలిసి పరిశోధకులతో 1,75,000 బ్యాలెట్లను పరిశీలింపజేశాయి. గోర్ మొదట కోరిన నాలుగు కౌంటీల్లో తిరిగి లెక్కించినా, ఆపేసిన ఆ లెక్కింపు పూర్తయినా గెలుపు బుష్‌దేనని తేలింది. రెండు గుర్తులున్న ఓట్లతో సహా రాష్ట్రమంతా లెక్కిస్తే మాత్రం గోర్ స్వల్పంగా ముందుండేవాడు. గోర్ పేరు దగ్గర గుర్తు పెట్టి, కింద ఖాళీలో మళ్ళీ గోర్ అని రాసిన బ్యాలెట్లు కూడా అందులో ఉన్నాయి. ఓటరు మనసు అంతకన్నా స్పష్టంగా ఎలా చెబుతాడు? 67 కౌంటీల్లోనూ లెక్కిద్దామని గోర్ బయట ప్రతిపాదించాడు, బుష్ పక్షం ఒప్పుకోలేదు. కోర్టులో మాత్రం అతని న్యాయవాదులు ఆ పట్టు పట్టలేదు.

నువ్వు ముప్పై ఏళ్ళుగా నల్లకోటు వేసుకుంటున్నవాడివి. వాళ్ళ స్థానంలో నువ్వుంటే ఏమి అడిగేవాడివి? వివరంగా రాయి. చెల్లెమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీనివాస్