సీసం పెట్టెలో న్యూట్రాన్లు ఆగుతాయా?

సంపాదకులకు,

మా కడప పరిసరాల్లోని ఒక కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు న్యూట్రాన్ సోర్స్ (న్యూట్రాన్లను వెలువరించే రేడియోధార్మిక పదార్థం) కొనబోతున్నదని గత వారం మీ జిల్లా పేజీలో చదివి సంతోషించబోయి ఆగిపోయాను. న్యూట్రాన్లు ఎక్కువగా వస్తాయన్న ఒక్క కారణంతో కొనుగోలు కమిటీ కాలిఫోర్నియం-252 వైపు మొగ్గిందట, దానిని ‘పటిష్ఠమైన సీసం పెట్టె’లో భద్రపరుస్తారట. సీసం గామా కిరణాలను అడ్డుకుంటుందే గానీ, న్యూట్రాన్లను నెమ్మదింపజేయడానికి హైడ్రోజన్ దండిగా ఉన్న నీరో, పారఫిన్ మైనమో, పాలిథీనో కావాలన్నది డిగ్రీ పాఠమే. కమిటీలోని పెద్దలు ఆ పుస్తకం తెరిచి ఎన్నాళ్లయిందో!

కాలిఫోర్నియం-252 అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) సుమారు 2.6 ఏళ్లు. అంటే అయిదేళ్లు తిరిగేసరికి మిగిలేది పావు వంతుకు కాస్త పైన, ఆపైన మళ్లీ టెండరు. వెండి రేకును న్యూట్రాన్ల ముందు ఉంచి, అందులో పుట్టిన రేడియోధార్మికత నిమిషాల్లో తగ్గిపోవడాన్ని గీగర్ కౌంటర్‌తో కొలిచే ఎమ్మెస్సీ విద్యార్థులకు, 432 ఏళ్ల అర్ధాయువున్న చిన్న అమెరీషియం-బెరీలియం సోర్స్ చాలు. అయితే దాని చిక్కూ ఆ ఆయుష్షులోనే ఉంది: కొన్నవారు, సంతకాలు పెట్టినవారు, రిజిస్టరు రాసినవారు అందరూ రిటైరైపోయినా అది మాత్రం బీరువాలో అలాగే ఉంటుంది. అందుకే వాడకం ముగిశాక సరఫరాదారే వెనక్కి తీసుకోవాలన్న షరతును కొనేటప్పుడే రాయించుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి మూలనపడ్డ, కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థమున్న పరికరం వేలంలో తుక్కు కింద అమ్ముడుపోయి, 2010లో మాయాపురి తుక్కు బజారులో ఒక మనిషి ప్రాణం తీసిన సంగతి దేశమంతటికీ తెలుసు.

ల్యాబ్ అసిస్టెంటు పోస్టులను ఖాళీగా ఉంచి, గ్రాంటు మురిగిపోతుందని మార్చిలో హడావుడిగా పరికరాలు కొనడం మన విద్యాశాఖకు ఆనవాయితీ అయిపోయింది. మైక్రోస్కోపుల విషయంలో అది దుబారాతో పోతుంది, ఇక్కడ అలా పోదు. తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న ఈ జిల్లాలో రేడియేషన్ అన్న మాటకే జనం ఉలిక్కిపడతారు. వారి భయాన్ని వెటకారం చేసే అధికారులు ముందు తమ పని సక్రమంగా చేసి చూపాలి.

అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి వచ్చిందా, రేడియేషన్ భద్రతాధికారిగా ఎవరిని నియమించారు, వెనక్కి తీసుకునే షరతు ఒప్పందంలో ఉందా అన్నవి కళాశాల యాజమాన్యాన్ని మీ విలేకరి అడిగి, ఆ జవాబులను అదే పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కడప