కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: డ్రమ్ము నీళ్లు, గేటు తాళం

సభ్యులందరికీ నమస్కారం.

రోడ్డు గుంతలు, వీధి దీపాలు, వినాయక చవితి చందాలు ఎప్పటిలాగే నడిచాయి. లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఈ ఏడాది కమిటీ గొంతు చించుకున్నది ఒక్క విషయం మీదే. మళ్లీ ఏదైనా జబ్బు కర్నూలు మీద పడితే మనం ఏం చేయాలి, ఆ భారం ఎవరి మీద వేయాలి?

వానలు మొదలవగానే శుక్రవారం డ్రై డే అని, నిల్వ నీళ్లన్నీ పారబోయాలని తీర్మానం రాశాం. డెంగీ దోమ ఎక్కువగా నిల్వ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అంతవరకు సరే. కానీ అది సంపు, మిద్దె మీద ట్యాంకు ఉన్నవాళ్లం రాసుకున్న తీర్మానం. వెనక వీధిలో ఒక్క గది అద్దెకుంటున్న అక్క మీటింగుకే వచ్చింది. "కుళాయి దినం మార్చి దినం వస్తాది. డ్రమ్ము పారబోస్తే శనివారం పిల్లోళ్లకు నీళ్లు మీరు పోస్తారా సార్?" ఒక్కరూ నోరెత్తలేదు. తుంగభద్ర, హంద్రి కలిసే ఊళ్లో ఉండి బిందెలు లెక్కపెట్టుకుంటున్నాం మరి.

తీర్మానం కొట్టేశాం. మూతల్లేని డ్రమ్ములకు పాత పంచెలు చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించాం. కుళాయి వచ్చే రోజు, నీళ్లు అడుగంటాకే కడగడం. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి పీచుతో రుద్దడం. తనిఖీ కమిటీవాళ్ల ఇళ్ల నుంచే మొదలైంది. మా ఇంట్లోనే కూలర్ అడుగున పురుగులు దొరికాయి.

జ్వరమొచ్చిన ఇంటి నంబర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టాలని కొందరు పట్టుబట్టారు. పక్కింటివాళ్ల భయం అర్థమవుతుంది. అయితే 2020లో కరోనాకు వీధులకు కట్టెలు అడ్డం కట్టిన రోజుల్లో, పేరు బయటపడుతుందని జ్వరం దాచి మాత్రలు మింగినవాళ్లు మనలోనే ఉన్నారు. పైగా డెంగీ తాకితే అంటదు. ఇంటి నంబరు ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్‌కు మాత్రమే చెప్తున్నాం. గ్రూపులో వీధి పేరు వరకే.

తేలనిది కాలనీ గేటు సంగతి. అంటుజబ్బు వస్తే ముసలివాళ్లున్న ఇళ్లు తాళం వేయమంటాయి. కూరగాయల బండ్లూ, పాచిపని చేసేవాళ్లూ వచ్చేది ఆ గేటు నుంచే. తాళం వేసిన నెలల్లో పనివాళ్ల జీతం ఆపకూడదని షరతు పెడదామన్నాను. ఓట్లు సగం సగం చీలాయి. తాళంచెవి ప్రస్తుతానికి కోశాధికారి దగ్గర ఉంది.

ఇట్లు,
కార్యదర్శి