మీలో ఒక్కరైనా నా మెయిల్ చదివారా?

కస్టమర్ కేర్ విభాగం హెడ్ గారికి,

నమస్కారం.

ఇది మీ కంపెనీకి నేను రాస్తున్న పన్నెండో మెయిల్. మొదటి పదకొండూ ఇంగ్లీషులో రాశాను. వాటిని ఎవరూ చదవలేదని నాకు గట్టిగా అనిపిస్తోంది కాబట్టి ఈసారి నా భాషలో రాస్తున్నాను. బెంగళూరులో ఇంత పెద్ద ఆఫీసు పెట్టుకున్నారు, తెలుగు చదవగలిగినవాళ్లు మీ దగ్గర తప్పకుండా ఉంటారు. వాళ్లలో ఒకరిని పిలిచి దయచేసి ఆఖరిదాకా చదివించుకోండి.

సమస్య ఏమిటో ముందు చెప్పేస్తాను. నేను తెలుగు అనువాదాలు చేస్తాను, పేజీ లెక్కన డబ్బులిస్తారు. రెండేళ్ల కిందట ఎడమ మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. కార్పల్ టన్నెల్ అన్నారు. టైపింగ్ తగ్గించకపోతే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చని డాక్టరు గారు చెప్పాక, నోటితో చెప్పి రాయించడం అలవాటు చేసుకున్నాను. విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే వాయిస్ టైపింగ్ మొదలవుతుంది. కాసేపు మాట్లాడకుండా ఆలోచిస్తే మైకు తనంతట తానే ఆగిపోతుంది, మళ్లీ నొక్కాలి. అనువాదం అంటేనే ఆగి ఆలోచించడం కదా! రోజుకు వందసార్లయినా నొక్కాల్సి వస్తుంది. అందుకే మీ మౌస్ కొని, మీ సాఫ్ట్‌వేర్‌తో బొటనవేలి దగ్గరున్న బటన్‌కు ఆ రెండు కీల షార్ట్‌కట్ పెట్టుకున్నాను.

అయిదు నెలలు ఎంత బాగా పనిచేసిందంటే, కనిపించినవాళ్లందరికీ చెప్పాను. తర్వాత మీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయింది. మర్నాటి నుంచి బటన్ నొక్కితే మైకు రావడం లేదు, వాక్యం మధ్యలో ‘హ్’ అని పడుతోంది. మీ సాఫ్ట్‌వేర్ విండోస్ కీని వదిలేసి హెచ్ ఒక్కటే పంపుతోంది. తెలుగు కీబోర్డులో అది ‘హ్’ అయి కూర్చుంటోంది.

ఇదంతా నా మొదటి మెయిల్‌లోనే ఉంది. కీబోర్డు మీద అవే రెండు కీలు నొక్కితే మైకు వస్తోందని రాశాను. అదే బటన్‌కు కంట్రోల్, సి పెడితే చక్కగా కాపీ అవుతోందని రాశాను. మా తమ్ముడి లాప్‌టాప్‌లో పెట్టి చూసినా ఇదే వరస అని రాశాను. నలభై సెకన్ల వీడియో కూడా జతచేశాను. పాడైంది మౌసు కాదు, మైకు కాదు, విండోస్ కాదు, మీ అప్‌డేట్ అని తేల్చి మీ చేతిలో పెట్టాను. ఇంతకంటే ఒక కస్టమర్ ఏం చేయగలదు?

మీ మొదటి జవాబు: “డియర్ సర్, దయచేసి బ్యాటరీ మార్చి చూడండి.”

నేను సర్‌ని కాదు. మెయిల్ కింద నా పేరుంది, అది ఆడపేరని ఎవరికైనా తెలుస్తుంది. సరే, బ్యాటరీ మార్చాను. రెండో ఏజెంట్ యూఎస్‌బీ వేరే పోర్టులో పెట్టమన్నాడు. పెట్టాను. మూడో ఆమె సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయమంది. వేశాను. నాలుగో అతను మైకుకు పర్మిషన్ ఉందో లేదో చూడమన్నాడు. మైకు బాగానే ఉందని పైన నాలుగుసార్లు రాసి ఉంది, చూడండి అన్నాను. రెండు రోజుల తర్వాత అయిదో ఏజెంట్ వచ్చి, మళ్లీ “డియర్ సర్, బ్యాటరీ మార్చి చూడండి” అన్నాడు. ఆ రోజు లాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. మౌస్ కోసం ఏడుస్తారా అని మా ఆయన అడిగారు. మౌస్ కోసం కాదు. మనం చెప్పేది గోడకు కూడా వినిపించడం లేదని తెలిసినప్పుడు వచ్చే ఏడుపు అది.

తర్వాత ఫోన్ చేశాను. నలభై నిమిషాలు మ్యూజిక్ విన్నాక ఒకాయన ఎత్తారు. “మేడమ్, డిక్టేషన్ మా ప్రోడక్ట్ కాదు, దానికి మేం సపోర్ట్ ఇవ్వం” అన్నారు. నేను అడిగింది డిక్టేషన్ గురించి కాదు, మీ బటన్ గురించి. ఏ కీ పెట్టుకున్నా పనిచేస్తుందని మీ డబ్బా మీద మీరే రాశారు. ఆ మాట అనగానే లైను సీనియర్‌కు కలుపుతానన్నారు. కలిపినట్టు చప్పుడు వచ్చింది, కట్ అయింది. మళ్లీ చేస్తే మొదటి నుంచి చెప్పమన్నారు.

ఇంకొకామె రిమోట్‌లో నా లాప్‌టాప్‌లోకి వచ్చింది. యాభై నిమిషాలు ఆమె కర్సర్ అటూ ఇటూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. చివరికి నేను నెలల తరబడి సర్దుకున్న సెట్టింగులన్నీ ఒక్క క్లిక్‌తో చెరిపేసి, “ఇప్పుడు చూడండి మేడమ్” అంది. చూశాను. ‘హ్’ పడింది. “మా బ్యాకెండ్ టీమ్ చూస్తుంది” అని వెళ్లిపోయింది.

ఒక్క ఏజెంట్ గురించి మాత్రం మంచి మాట చెప్పాలి. ఎనిమిదో అతను. నేను టైప్ చేసే ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నానా అని అడిగాడు. అలా నడిపితే మామూలుగా నడిచే సాఫ్ట్‌వేర్ పంపే కీలు దానికి చేరవని చెప్పాడు. నా విషయంలో కారణం అది కాదు, కానీ అది ఆలోచించి అడిగిన ప్రశ్న. నా మెయిల్ చదివినవాడే అడగగలడు. మర్నాడు నా టికెట్, అంటే మీరు నమోదు చేసుకున్న నా ఫిర్యాదు, అతని దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. ఆ ఇంకొకరు సర్వీస్ సెంటర్‌కు వెళ్లమన్నారు.

వెళ్లాను. మున్నెకొళాల నుంచి కుందలహళ్లి మెట్రో దాకా ఆటో, అక్కణ్ణుంచి మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్‌లోకి మారి చిక్కపేట, ఎండలో నడక. ఆ రోజు నా సంపాదన సున్నా. కౌంటర్‌లోని అబ్బాయి మౌస్ తీసుకుని ఎడమ క్లిక్కు, కుడి క్లిక్కు నొక్కి, “వర్కింగ్ మేడమ్” అని తిరిగి ఇచ్చేశాడు. పక్క బటన్ ముట్టుకోనైనా లేదు. ఇది సాఫ్ట్‌వేర్ సమస్య అంటే, సాఫ్ట్‌వేర్ ఇక్కడ చూడరు, మెయిల్ పెట్టండి అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మీ మెయిల్ ఉంది. “మీ నుంచి స్పందన రానందున టికెట్ క్లోజ్ చేస్తున్నాం. సమస్య పరిష్కారమైంది.” స్పందన రాలేదా? రెండు రోజుల ముందే కదా రెండో వీడియో పంపాను! ఆ మెయిల్ కిందే మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు.

మీ కంపెనీ నాకు కొత్త కాదు. 2014లో మొదటి జీతంతో ఎస్.పి. రోడ్డులో కొన్నది మీ మౌసే. అప్పటినుంచి రెండు కీబోర్డులు, మూడు మౌసులు, ఒక హెడ్‌సెట్, అన్నీ మీవే. మా వదినకు, అనంతపురంలో డీటీపీ సెంటర్ నడిపే మా మామయ్యకు, నాతో పనిచేసే నలుగురు అనువాదకులకు నేనే చెప్పి కొనిపించాను. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మీకు ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు. అవసరం పడిన మొదటిసారే ఇలా చేశారు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. నా సమస్య తీరిపోయింది. మీరు తీర్చలేదు. మా కింది ఇంట్లో ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే అబ్బాయి మీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, అందులో ఒకే ఒక్క లైను రాశాడు. పక్క బటన్ నొక్కితే విండోస్ కీ, హెచ్ పంపమని. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. ఈ ఉత్తరం కూడా ఆ బటన్ నొక్కి, నోటితో చెప్పి రాయిస్తున్నదే. ఆ అబ్బాయికి మీ మౌస్ గురించి ఏమీ తెలియదు. నేను చెప్పింది విన్నాడు, అంతే. మీ తొమ్మిదిమంది ఏడు వారాల్లో చేయనిది అదే.

మరి ఇంకా ఎందుకు రాస్తున్నానంటే, చేతులు నొప్పిపుట్టి, టైప్ చేయలేక ఇలాంటి బటన్ల మీద ఆధారపడినవాళ్లు ఇంకా ఉంటారు. అందరి ఇళ్ల కిందా ఆ అబ్బాయి ఉండడు. ఆ అప్‌డేట్‌లోని తప్పు సరిచేయండి. అందాకా పాత వెర్షన్‌ను మీ వెబ్‌సైట్‌లో మళ్లీ పెట్టండి, అప్‌డేట్ రాగానే దాన్ని అక్కణ్ణుంచి తీసేశారు. డబ్బు వాపసు ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం. కానీ నా టికెట్‌ మీద “పరిష్కారమైంది” అన్న మాట మాత్రం తీసేయాలి. అది అబద్ధం. పదకొండు మెయిళ్లూ చదివిన ఒక మనిషి తన పేరుతో నాకు క్షమాపణ రాయాలి.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాను. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, లాయరు లేకుండా నేనే మాట్లాడుకోవచ్చు, అయిదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. మీకు రాసిన ప్రతి మెయిల్, మీరిచ్చిన ప్రతి జవాబు తేదీలతో సహా ప్రింట్ తీసి ఫైలు చేశాను. అక్కడ జడ్జి గారు వాటిని చదువుతారు.

నా నంబరు, టికెట్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. ఫోన్ చేసేవాళ్లు ముందు ఇదంతా చదివి చేయండి. బ్యాటరీ మార్చమని మాత్రం ఇంకోసారి చెప్పకండి.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీ కస్టమర్,
మున్నెకొళాల, బెంగళూరు