వటవర్లపల్లి దాటాక ఆగిన ఆ పెద్దాయనకు

పోయిన ఆదివారం నల్గొండ నుంచి పిల్లలతో అమ్రాబాద్ పులుల అడవికి వెళ్లాం. ఫర్హాబాద్ సఫారీలో పులి కనబడలేదు, అది వేరే సంగతి. శ్రీశైలం కూడా చూసుకుని వస్తుంటే వటవర్లపల్లి దాటాక కారు ఆగిపోయింది. బానెట్ నుంచి పొగలు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. టైం రాత్రి ఏడున్నర. తొమ్మిదికి అడవి దారి చివర మన్ననూరు చెక్‌పోస్టు గేటు వేస్తే తెల్లారి ఆరు దాకా తీయరు. టెన్షన్‌తో నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను.

"ఆగు బిడ్డా, ఇప్పుడే తీయకు, మొహం కాలుతది" అంటూ పాత బైకు మీద మీరు ఆగారు.

అది చల్లారేదాకా పక్కనే నిలబడ్డారు. సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని, మీ బైకు డిక్కీలోని పాత ట్యూబు ముక్కను కోసి, చిరిగిన పైపు చుట్టూ బిగించి కట్టారు. ఇంటికి తీసుకెళ్తున్న మంచినీళ్ల క్యాన్ మొత్తం అందులో పోసేశారు. వద్దంటే వినలేదు. మధ్యలో ఏడుస్తున్న మా చిన్నదాన్ని పిలిచి, రోడ్డవతల మెరుస్తున్న దుప్పుల కళ్లు చూపించారు. అది ఏడుపు మరిచిపోయి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు.

మీ ఊరు వెనక్కి, అయినా గేటు దాకా మా వెంటే వచ్చారు. డబ్బులివ్వబోతే బైకు తిప్పేశారు. పేరన్నా అడగలేదు, నా బుద్ధి తక్కువ.

పెద్దాయనా, మీకు దండం. ఈసారి వచ్చేటప్పుడు కొత్త క్యాన్ తెస్తాను.